"మీదే ఊరు?" అని అడిగే ఆటలు

అమెరికాలో కొన్న డీవీడీ ఇండియాకి తీసుకెళ్తే ఆడదన్న సంగతి మనలో చాలామందికి అనుభవమే. డీవీడీల వాళ్ళు ప్రపంచాన్ని వాటాలు వేసి పంచేశారు. అమెరికాకి 1, యూరప్‌కీ గల్ఫ్ దేశాలకీ జపాన్‌కీ 2, మలేషియాకి 3, ఇండియాకి 5. మన తెలుగు సినిమా డీవీడీలు చాలావరకు "అన్ని రీజియన్లకీ" అని ముద్ర వేసుకుని వచ్చేవి కాబట్టి ఆ బాధ మనకి కొంత తప్పింది. అయితే డీవీడీలు పుట్టక ముందే, 1980లలోనే, ఈ వాటాల పద్ధతి వీడియో గేముల్లో వేళ్ళూనుకుంది. జపాన్ కేసెట్ అమెరికా మెషిన్లో ఆడదు, అమెరికా కేసెట్ లండన్ మెషిన్లో ఆడదు. (వాటిని ఇక్కడ కార్ట్రిడ్జ్ అంటారు గానీ మన ఊళ్ళల్లో కేసెట్ అనే అనేవాళ్ళం కదా, నేనూ అలాగే రాస్తాను.)

నా ఉద్యోగం పుణ్యమా అని కొన్నేళ్ళు ఇంగ్లండులో ఉండి తర్వాత అమెరికా వచ్చాను. అక్కడ ఒక సెకండ్ హ్యాండ్ షాపులో కొన్న సెగా మెగా డ్రైవ్ కూడా నాతోపాటు సముద్రం దాటింది. ఇక్కడ గరాజ్ సేల్స్‌లో దొరికే కేసెట్లన్నీ అమెరికావి. అటు జపాన్ కేసెట్లు ఇంటర్నెట్లో చవకగా దొరుకుతాయి. ఒకే మెషిన్ మూడు దేశాల ఆటలూ ఆడాలంటే ఏం చెయ్యాలో తెలుసుకుని, రెండు చిన్న స్విచ్చులు పెట్టి ఆ పని పూర్తి చేశాను. ఆ పని ఎలా చేస్తారో ఈ వ్యాసంలో చెబుతాను. దానికన్నా ముఖ్యంగా, "రీజియన్ లాక్" అని మనం ఒక్క పేరు పెట్టి పిలిచేది నిజానికి మూడు వేరువేరు తాళాలని చెప్పాలనుకుంటున్నాను. వాటిలో రెండు కంపెనీలు వేసినవి. మూడోది ఎవరూ కావాలని వేసింది కాదు, కరెంటు నుంచి వచ్చింది. ఏది ఏదో తెలిస్తే స్క్రూడ్రైవర్‌తో తీయగలిగేది ఎంతో, తీయలేనిది ఎంతో ముందే తెలుస్తుంది.

మొదటి తాళం: ప్లాస్టిక్

అన్నిటికన్నా సులువైన తాళం కేసెట్ ఆకారం. మెగా డ్రైవ్ జపాన్‌లో 1988 అక్టోబరులో విడుదలైంది. అమెరికాకి 1989 ఆగస్టులో "జెనెసిస్" అనే పేరుతో వచ్చింది. యూరప్‌కి 1990లో చేరింది. మూడూ లోపల ఒకే మెషిన్. కేసెట్‌కి ఉండే 64 పిన్నులూ ఒకటే, ఏ పిన్ను ఏం చేస్తుందో అదీ ఒకటే. కానీ జపాన్ కేసెట్ ఒళ్ళు కాస్త వెడల్పు, మూలలు గుండ్రం. అది అమెరికా, యూరప్ మెషిన్ల నోట్లో పట్టదు. పోనీ అమెరికా కేసెట్‌ని జపాన్ మెషిన్లో పెడదామా అంటే, అది పడుతుంది గానీ మొదటి మోడల్లో పవర్ బటన్ జరపగానే ఒక చిన్న ప్లాస్టిక్ నాలుక కేసెట్‌లోకి వెళ్ళాలి. జపాన్ కేసెట్‌కి ఆ నాలుక కోసం గాడి ఉంటుంది. అమెరికా కేసెట్‌కి ఉండదు. దాంతో బటనే జరగదు.

ఈ తాళం తీయడానికి ఇంజనీరు అక్కర్లేదు, ఆకురాయి చాలు. స్లాట్ అంచులు కాస్త అరగదీస్తే జపాన్ కేసెట్ దూరుతుంది. నింటెండో వాళ్ళ సూపర్ నింటెండో అమెరికా మోడల్లో అయితే స్లాట్ లోపల రెండు ప్లాస్టిక్ ముక్కలుంటాయి. వాటిని పట్టకారుతో విరిచేస్తే జపాన్ కేసెట్లు హాయిగా ఆడతాయి. ఇంకే మార్పూ అవసరం లేదు.

రెండో తాళం: ప్రశ్న, జవాబు

సూపర్ నింటెండో సంగతి ఇంకాస్త చూద్దాం, ఎందుకంటే ఇక్కడొక తమాషా ఉంది. దాని యూరప్ మోడల్లో జపాన్ కేసెట్ చక్కగా పడుతుంది, ఆకారాలు ఒకటే. కానీ ఆడదు. అమెరికా మోడల్లో పట్టదు, కానీ పట్టించగలిగితే ఆడుతుంది. కారణం, లోపల ఉన్న కాపలా చిప్. జపాన్‌కీ అమెరికాకీ ఒకే రకం చిప్ పెట్టి, యూరప్‌కి వేరే రకం పెట్టారు. అంటే అమెరికాలో కాపలా కాసింది ప్లాస్టిక్ ముక్క, యూరప్‌లో సిలికాన్ ముక్క.

ఈ కాపలా చిప్పుని నింటెండో మొదట 1985లో అమెరికాకి తెచ్చిన ఎన్ఈఎస్ మెషిన్లో పెట్టింది. మెషిన్లో ఒకటి, ప్రతి కేసెట్‌లోనూ ఒకటి. రెండూ చిన్న 4 బిట్ల కంప్యూటర్లే. రెండింట్లోనూ ఒకే ప్రోగ్రాం నడుస్తూ, ఒకే వరసలో అంకెలు పుట్టించి ఒకదానికొకటి పంపించుకుంటాయి. నేను చెప్పాల్సింది నువ్వు చెప్పావా, నువ్వు చెప్పాల్సింది నేను చెప్పానా అని సరిచూసుకుంటాయి. తేడా వస్తే మెషిన్లో ఉన్న చిప్ ప్రాసెసర్‌ని సుమారు సెకనుకోసారి రీసెట్ చేస్తూ ఉంటుంది. అమెరికాలో పెరిగిన పిల్లల తల్లిదండ్రులు గుర్తుపడతారు, ఎర్ర లైటు మిణుకు మిణుకుమంటూ తెర వెలిగి ఆరుతూ ఉండేది. ఆ తాళానికి ఒక లొసుగు ఉంది. తాళంగా పనిచెయ్యాలా, తాళంచెవిగా పనిచెయ్యాలా అని చిప్పుకి చెప్పేది దాని నాలుగో కాలు. ఆ కాలు తెంచేస్తే మెషిన్లో ఉన్న తాళం తనను తాను తాళంచెవి అనుకుంటుంది. తాళంచెవి ఎవర్నీ ఆపదు కదా!

జపాన్‌లో 1983లో వచ్చిన అసలు మెషిన్ "ఫామికామ్"లో ఈ చిప్పే లేదు. 1990లలో మన ఊళ్ళల్లో "టీవీ గేమ్" పేరుతో అమ్మినవి చాలావరకు ఆ ఫామికామ్‌కి నకళ్ళు. అందుకే పక్కింటి వాళ్ళ దగ్గర అరువు తెచ్చుకున్న కేసెట్ ఏదైనా ఆడేది. అమెరికా ఎన్ఈఎస్ కేసెట్‌కి 72 పిన్నులు, ఫామికామ్ కేసెట్‌కి 60. మనకి తెలియకుండానే మనం తాళాల్లేని వీధిలో ఆడుకున్నామన్నమాట.

సెగా వాళ్ళు మెగా డ్రైవ్‌లో ఇలాంటి రెండు చిప్పుల తతంగం పెట్టుకోలేదు. వాళ్ళది పెళ్ళిలో కొత్తవాళ్ళు కనిపిస్తే మనవాళ్ళు అడిగే పద్ధతి: "మీదే ఊరు?" మెషిన్ మెమరీలో ఎ10001 అనే చిరునామా దగ్గర ఒక బైట్ ఉంటుంది. అందులో ఒక బిట్ "నేను జపాన్ మెషిన్నా, విదేశీ మెషిన్నా" అని చెబుతుంది. దాని పక్క బిట్ "నాది అమెరికా పద్ధతి టీవీయా, యూరప్ పద్ధతి టీవీయా" అని చెబుతుంది. కేసెట్‌లో ఉన్న ప్రోగ్రాం మొదలవగానే ఈ బైట్ చదువుతుంది. నచ్చిన జవాబు రాకపోతే, ఇది ఫలానా దేశాల మెషిన్ల కోసం తయారైందని తెర మీద ఒక వాక్యం వేసి ఆగిపోతుంది.

ఇక్కడ గమనించాల్సింది, మెషిన్ ఎవర్నీ ఆపడం లేదు. ఆపేది కేసెట్. తొలి రోజుల్లో వచ్చిన చాలా ఆటలు అసలు ఈ ప్రశ్నే అడగవు. తర్వాత తర్వాత వచ్చినవి అడగడం మొదలుపెట్టాయి. కొన్ని ఆటలు ఆ జవాబుని మంచిపనికి కూడా వాడుకున్నాయి. 1991లో వచ్చిన "స్ట్రీట్స్ ఆఫ్ రేజ్" కేసెట్‌నే జపాన్ మెషిన్లో పెడితే "బేర్ నకిల్" అనే జపాన్ పేరుతో మొదలవుతుంది. కేసెట్ ఒకటే, జవాబుని బట్టి వేషం మారుతుంది.

మరి ఆ రెండు బిట్లకి విలువ ఎక్కణ్ణుంచి వస్తుంది? రెండు తీగల నుంచి. బోర్డు మీద ఆ తీగని +5 వోల్టులకి కలిపితే ఒక జవాబు, గ్రౌండుకి కలిపితే ఇంకో జవాబు. ఫ్యాక్టరీలో ఏ దేశానికి పంపాలో చూసి అటో ఇటో ఒక చిన్న అతుకు వేసేవారు. ఇన్ని దేశాల మధ్య గోడ అంటే అంతే, బియ్యపుగింజంత తీగముక్క.

మూడో తాళం: కరెంటు

ఇక మూడోది. టీవీలు కనిపెట్టిన రోజుల్లో తెర మీద బొమ్మ సెకనుకి ఎన్నిసార్లు మారాలన్న ప్రశ్నకి ఇంజనీర్లు ఇంటికొచ్చే కరెంటు ఫ్రీక్వెన్సీనే ఆధారంగా తీసుకున్నారు. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే బొమ్మలో అలలు, చారలు తక్కువగా కనబడతాయి. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, అందుకని అక్కడి ఎన్‌టీఎస్‌సీ టీవీ సెకనుకి 60 సార్లు. ఇంగ్లండులోనూ ఇండియాలోనూ 50 హెర్ట్జ్, అందుకని మన "పాల్" పద్ధతి టీవీ 50 సార్లు. జపాన్‌లో టోక్యో వైపు 50, ఒసాకా వైపు 60 ఉన్నా, టీవీ మాత్రం దేశమంతటా 60 పద్ధతే.

ఇది ఆటలకి ఎందుకు పట్టింది? ఆ కాలపు ఆటలు కాలాన్ని గడియారంతో కాకుండా తెరతో కొలిచేవి. తెర ఒకసారి మారితే బొమ్మని రెండు చుక్కలు ముందుకి జరుపు, ఇదీ ప్రోగ్రాం. 60 సార్లు మారే చోట రాసిన ప్రోగ్రాముని 50 సార్లు మారే చోట నడిపితే ఆట ఆరో వంతు నెమ్మదిస్తుంది. అమెరికాలో 60 సెకన్లలో జరిగేది ఇంగ్లండులో 72 సెకన్లు పడుతుంది. 1991లో వచ్చిన మొదటి సోనిక్ ఆట యూరప్‌లో అలాగే నడిచింది. వేగానికి పేరుపడ్డ ఆ ముళ్ళపంది అక్కడ కాస్త కునుకుతూ పరిగెత్తింది. సంగీతం స్వరం దాదాపు అదే, ఎందుకంటే స్వరం చిప్ గడియారాన్ని బట్టి వస్తుంది. లయ మాత్రం సాగిపోతుంది, ఎందుకంటే తర్వాతి స్వరం ఎప్పుడు వెయ్యాలో చెప్పేది తెర. పైగా పాల్ తెరకి గీతలు ఎక్కువ కాబట్టి బొమ్మ కింద, పైన నల్ల పట్టీలు మిగిలిపోతాయి. యూరప్‌లో ఒక తరం పిల్లలు ఆ నెమ్మదినే అసలు వేగం అనుకుని పెరిగారు.

రెండు స్విచ్చులు

ఇప్పుడు పనిలోకి దిగుదాం. మెగా డ్రైవ్ మొదటి మోడల్ పెట్టె మామూలు స్టార్ స్క్రూడ్రైవర్‌తో ఊడుతుంది. లోపల రేకు కవచం తీస్తే బోర్డు మీద జేపీ1, జేపీ2, జేపీ3, జేపీ4 అని నాలుగు గుర్తులుంటాయి. మొదటి రెండూ ఒక జత, అవి జపాన్ లేక విదేశం అన్న జవాబుకి. చివరి రెండూ ఇంకో జత, అవి 50 లేక 60 అన్న జవాబుకి. ప్రతి జతలోనూ ఏదో ఒకటి మాత్రమే ఫ్యాక్టరీలో అతికి ఉంటుంది.

ముందు ఆ ఉన్న అతుకుని తీసెయ్యాలి. ఇది మరిచిపోకూడని మెట్టు. అది తియ్యకుండా స్విచ్ పెడితే, ఏదో ఒక స్థితిలో +5 వోల్టులు నేరుగా గ్రౌండుకి కలిసిపోతాయి. తర్వాత మూడు కాళ్ళ చిన్న స్విచ్ ఒకటి తీసుకుని, మధ్య కాలుని చిప్పు వైపు వెళ్ళే తీగకి, ఒక చివర కాలుని +5 వోల్టులకి, రెండో చివర కాలుని గ్రౌండుకి టంకం వెయ్యాలి. రెండో జతకీ అలాగే. పెట్టె పక్కన రెండు రంధ్రాలు చేసి స్విచ్చులు బిగిస్తే పని అయిపోయినట్టే. భాష స్విచ్ +5కి, ఫ్రీక్వెన్సీ స్విచ్ +5కి వేస్తే మెషిన్ "నాది అమెరికా" అంటుంది. భాష గ్రౌండుకి, ఫ్రీక్వెన్సీ +5కి వేస్తే "నాది జపాన్". భాష +5కి, ఫ్రీక్వెన్సీ గ్రౌండుకి వేస్తే "నాది యూరప్". తర్వాత వచ్చిన రెండో మోడల్లో కొన్ని బోర్డులకి ఈ సదుపాయం సరిగ్గా ఉండదు, చిప్పు కాలునే బోర్డు నుంచి పైకెత్తాలి. చెయ్యి తిరగనివాళ్ళు మొదటి మోడల్‌తో మొదలుపెట్టడం మంచిది.

స్విచ్చులు వద్దనుకునేవాళ్ళు చిన్న మైక్రోకంట్రోలర్ ఒకటి లోపల పెట్టుకుంటారు. రీసెట్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే అదే దేశాలు మారుస్తుంది, లైటు రంగుతో ఏ దేశమో చెబుతుంది. నేను మాత్రం స్విచ్చులకే ఓటు వేశాను. చాలా ఆటలు "మీదే ఊరు?" అని మొదట్లో ఒక్కసారే అడుగుతాయి. యూరప్ ఆటని 50లో మొదలుపెట్టి, ప్రశ్న దాటగానే ఆట నడుస్తుండగానే స్విచ్ 60కి వెయ్యొచ్చు. దాంతో ముళ్ళపంది కునుకు వదులుతుంది. అయితే కొన్ని యూరప్ ఆటల్ని 50కి తగ్గట్టు ముందే సర్ది పెట్టారు. వాటిని 60లో ఆడిస్తే పరిగెత్తి పరిగెత్తి తడబడతాయి.

దేశం మారినప్పుడు ఇంకో ప్రశ్న, కరెంటు. ఇంగ్లండు 230 వోల్టులు గానీ అమెరికా 120 వోల్టులు గానీ మెషిన్‌కి తెలియవు, తెలిసేది అడాప్టర్‌కి. అందుకని కొత్త దేశంలో అడాప్టర్ మారిస్తే చాలు, ట్రాన్స్‌ఫార్మర్ మొయ్యనక్కర్లేదు. మొదటి మోడల్‌కి 9 వోల్టుల డీసీ కావాలి, ప్లగ్గులో మధ్య భాగం నెగటివ్. రెండో మోడల్‌కి 10 వోల్టులు, మధ్య భాగం పాజిటివ్. ఈ రెండిటినీ తారుమారు చెయ్యకూడదు.

రంగు ఎందుకు పోతుంది?

ఇంత చేశాక నా మెషిన్‌ని మామూలు పసుపు వైరుతో అమెరికా టీవీకి తగిలిస్తే బొమ్మ నిలకడగా వచ్చింది, వేగం బాగుంది, కానీ నలుపు తెలుపు! మూడో తాళం పూర్తిగా ఊడదని చెప్పింది ఇందుకే.

మెగా డ్రైవ్‌లో అన్ని గడియారాలకీ మూలం ఒకే ఒక క్రిస్టల్. అమెరికా మెషిన్లో అది 53.693 మెగాహెర్ట్జ్. దాన్ని 15తో భాగిస్తే 3.5795 వస్తుంది. ఎన్‌టీఎస్‌సీ టీవీ రంగుని గుర్తుపట్టేది సరిగ్గా ఆ ఫ్రీక్వెన్సీ దగ్గరే. యూరప్ మెషిన్లో క్రిస్టల్ 53.203. దాన్ని 12తో భాగిస్తే 4.4336, అది పాల్ టీవీ రంగు ఫ్రీక్వెన్సీ. ఇప్పుడు మనం యూరప్ మెషిన్‌ని 60కి మార్చాం. 53.203ని 15తో భాగిస్తే వచ్చేది 3.547. దగ్గరే, కానీ టీవీకి ఆ దగ్గర చాలదు. రంగు లేదనుకుని వదిలేస్తుంది. ఇదే కారణంగా తెర కూడా సెకనుకి 59.9 బదులు 59.4 సార్లు మారుతుంది, అంటే ఆట సుమారు ఒక శాతం నెమ్మది. అది మాత్రం మనకి తెలియదు.

దీనికి విరుగుడు మెషిన్ వెనకే ఉంది. ఆ గుండ్రటి వీడియో సాకెట్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడి తీగల మీద బయటికి వస్తాయి. రంగుల్ని ఒకే తీగలో కలిపి పంపినప్పుడే ఈ 3.58, 4.43ల గొడవంతా. విడిగా తీసుకుంటే ఆ లెక్కే అక్కర్లేదు. యూరప్ టీవీలకి దాని కోసం స్కార్ట్ సాకెట్ ఉండేది, అమెరికా టీవీలకి ఉండేది కాదు. ఈ రోజుల్లో ఆ మూడు రంగుల్నీ తీసుకుని హెచ్‌డీఎంఐగా మార్చే పెట్టెలు దొరుకుతున్నాయి. నేను అలాంటిది ఒకటి మధ్యలో పెట్టాను, రంగులు దిగాయి. యూరప్ ఎల్‌సీడీ టీవీలు మామూలుగా 50, 60 రెండూ ఒప్పుకుంటాయి. అమెరికాలో అమ్మే టీవీలు చాలావాటికి 50 అంటే తెలియదు. కాబట్టి అమెరికాలో ఉండేవాళ్ళు 60 స్విచ్ వేసుకోవడమే సుఖం.

చట్టం ఏమంటుంది?

నేను వకీలుని కాదు. అయినా ఒక తేడా చెప్పాలి. మెగా డ్రైవ్‌లో ఉన్న ఆ రెండు బిట్లూ దొంగ కాపీలని ఆపేవి కావు. నకిలీ కేసెట్ అయినా అసలు కేసెట్ అయినా జవాబు ఒకటే. 1994లో వచ్చిన సోనీ ప్లేస్టేషన్‌లో ఈ రెండూ కలిసిపోయాయి. డిస్క్ మొదట్లో మామూలు రైటర్లు రాయలేని ఒక గుర్తు పెట్టి, ఇది అసలు డిస్కేనని, ఫలానా ప్రాంతానిదని, రెండు సంగతులూ అందులోనే చెప్పించారు. దాన్ని దాటించే చిప్ పెడితే వేరే దేశంలో డబ్బిచ్చి కొన్న అసలు డిస్క్ ఆడుతుంది, దొంగ డిస్కూ ఆడుతుంది. అందుకే అది కోర్టులకెక్కింది. ఇంగ్లండు కోర్టులు ఆ చిప్పులు తప్పన్నాయి. 2005లో ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానం మాత్రం, సోనీ పద్ధతి తమ చట్టం చెప్పిన రక్షణ కిందికి రాదని తీర్పిచ్చింది. 2006లో ఆ దేశం చట్టం మార్చినప్పుడు కూడా, వేరే దేశంలో న్యాయంగా కొన్న సినిమా గానీ ఆట గానీ తమ దేశంలో ఆడకుండా ఆపే ప్రాంతీయ తాళాలకి ఆ రక్షణ లేకుండా చేసింది. డబ్బిచ్చి కొన్న వస్తువుకీ దొంగిలించిన వస్తువుకీ తేడా ఉందని ఒక దేశం చట్టంలో రాసుకోవడం నాకు సబబుగా తోచింది.

ఇప్పుడెలా ఉంది?

కొన్నాళ్ళు ఈ గోడలు కూలిపోతున్నట్టే కనిపించాయి. 2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4, 2017లో వచ్చిన నింటెండో స్విచ్ ఏ దేశం ఆటనైనా ఆడిస్తాయి. టీవీల తేడాలూ డిజిటల్ యుగంలో చాలావరకు సర్దుకున్నాయి. "ఇక్కడ కొన్న గేమ్ మా వాడికి పంపిస్తే హైదరాబాదులో ఆడుతుందా?" అని మిత్రులు అడిగినప్పుడు, ఈ మధ్య కాలంలో "ఆడుతుంది" అని నిస్సందేహంగా చెప్పగలిగాను.

కానీ 2025 జూన్‌లో నింటెండో స్విచ్ 2 జపాన్‌లో రెండు రకాలుగా వచ్చింది. అన్ని భాషలూ ఉన్నది 69,980 యెన్లు. జపనీస్ భాష మాత్రమే ఉండి, జపాన్‌కి చెందిన అకౌంట్లు మాత్రమే ఒప్పుకునేది 49,980 యెన్లు. సొంత దేశంలో చవకగా అమ్ముకోవాలి, ఆ చవక సరుకు మాత్రం దేశం దాటిపోకూడదు. రీజియన్ తాళం వెనక ఉన్న వ్యాపారం ఇంత నిక్కచ్చిగా, ధర చీటీతో సహా కనిపించడం అరుదు. ఇరవై వేల యెన్ల ఆ తేడాయే గోడ ఎత్తు.

తేడా ఏమిటంటే ఈసారి ఆ గోడ బోర్డు మీద తీగముక్క కాదు. అది సాఫ్ట్‌వేర్‌లోనూ కంపెనీ సర్వర్లలోనూ ఉంది. మెగా డ్రైవ్ కొన్న మనిషికి పెట్టె విప్పితే జవాబు కనిపించేది. ఊరు మారినా వస్తువుని తనతో మార్చుకునే వీలు ఉండేది. ఒక దేశంలో పుట్టి ఇంకో దేశంలో ఉద్యోగం చేసి మూడో దేశంలో పిల్లల్ని పెంచే మనలాంటి వాళ్ళకి ఆ వీలు విలువ తెలుసు. అందుకే అటక మీద పాత మెషిన్ ఏదైనా ఉంటే పారెయ్యకండి. "మీదే ఊరు?" అని అడిగితే ఏ ఊరైనా చెప్పగలిగే మెషిన్లు అవి.